సాక్షి సంతకం

సీతక్క పంపిన గారెలు తింటూనే, ఆమెను ఇంట్లోంచి ఎలా పంపించాలో మాట్లాడుకున్నాం.

ఏప్రిల్‌లో రెండో ఆదివారం సాయంత్రం. మా బిల్డింగ్ సెల్లార్‌లో బండ్లు ఓ పక్కకు జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఎనిమిది ఫ్లాట్లలో ఏడింటి వాళ్లం కూర్చున్నాం. రెండో నంబర్ ఫ్లాట్ సీతాబాయి మాత్రం వంటింట్లో ఉంది. మీటింగ్ ఉందని తెలిస్తే చాలు, ఆమె ఏదో ఒకటి చేసి పంపుతుంది. ఆ రోజు తన సంగతే మాట్లాడతారని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అసోసియేషన్ ప్రెసిడెంట్ దయారత్నం గారు ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక ఓ గారె తుంచి అల్లం పచ్చడిలో ముంచారు.

"వంశీధర్ గారితో మాట్లాడానండీ. లీజు పొడిగించడానికి ట్రస్ట్ సిద్ధంగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. రెండో నంబర్" అన్నారు నములుతూ.

మా ఇళ్లు మావి కావు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఉన్న ఆ నేలా, దాని మీద బిల్డింగూ ఒక ట్రస్ట్‌వి. నర్సులకు, టీచర్లకు అని ఎనభై అయిదులో నలభై ఏళ్ల లీజుకు ఇచ్చారు. పంజాగుట్టలో ఓ పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసిన మా అమ్మ లీలాకుమారికి ఏడో నంబర్ వచ్చింది. నేను పుట్టింది ఆ ఇంట్లోనే. పెళ్లయ్యాక నా భర్త ఫ్రెడ్డీ వచ్చి చేరిందీ, మా సుష్మిత పెరిగిందీ ఆ ఇంట్లోనే. ఆ లీజు జూన్ పద్నాలుగుతో ముగుస్తుంది. పొడిగించకపోతే ఎనిమిది కుటుంబాలూ తాళాలు ఇచ్చేసి దిగిపోవాలి.

"ఏంది చిక్కు?" అని అడిగింది అయిదో నంబర్ నవీన. ఆమె స్కూల్లో లెక్కల టీచరు.

"ఆవిడ అసలు లీజుదారు కాదు కదండీ. ఇరవై ఏడేళ్ల కింద వాళ్లాయన, అంతకుముందు ఆ ఫ్లాట్‌లో ఉన్న టీచరమ్మ దగ్గర లీజు రాయించుకున్నాడు. ట్రస్ట్ ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. ఒప్పుకున్నట్టు ఆఫీసు రికార్డుల్లో లేదంట. పైగా ఇంట్లో మెస్సు. ఒక్క ఫ్లాట్‌లో తగాదా ఉన్నా బోర్డు ఎవరికీ పొడిగించదు. అందరం రోడ్డు మీదే."

"ఆమె కాడ కాయితం ఉన్నది గద?"

"ఉంది. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టిన కాయితం." దయారత్నం గారు వేళ్లకంటిన నూనెను న్యూస్ పేపర్‌కు తుడుచుకున్నారు. "ఒక సంతకం నాది. పెట్టినట్టు గుర్తు లేదని నేను రాసిచ్చేస్తున్నాను. రెండోది లీలాకుమారి గారిది."

అందరూ నా వైపు చూశారు. అమ్మ మోకాళ్ల నొప్పులతో పైనే ఉండిపోయింది.

నవీన గిన్నెలో చివరి గారె తీసుకుంది. ఆరో నంబరాయన ఖాళీ అయిన గిన్నెలోకి తొంగి చూసి, "ఇంక ఉన్నయా?" అని అడిగాడు. ఎవరూ లేచి వెళ్లిపోలేదు. నేనూ లేవలేదు. "అమ్మతో మాట్లాడ్త" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత వంశీధర్ మా ఇంటికొచ్చాడు. ట్రస్ట్ ఆస్తులు చూసే ఆఫీసరు. కూర్చోగానే హాలు గోడలు, తలుపులు, కిటికీలు వరసపెట్టి చూశాడు. పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు కాదు, సంతలో గొడ్డు పళ్లు చూసినట్టు. జేబులోంచి సోపు గింజలు తీసి నోట్లో వేసుకుని, టైపు చేసిన కాగితం టీపాయ్ మీద పెట్టాడు.

అమ్మ కళ్లకు శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ లీజు పని అయ్యాకే అని వాయిదా వేసుకుంది. కాగితం నేను చదివి వినిపించాను.

"గదేంది? గది నా సంతకమే" అంది అమ్మ. "మొగిలయ్య వచ్చి అడిగిండు. నేనే పెట్టిన. అప్పుడు ట్రస్ట్ సెక్రటరీ సార్ సుత మా ముంగటనే ముద్ర కొట్టిండు."

"అమ్మా, సంతకం నీది కాదని రాయమంటలేను" అన్నాడు వంశీధర్ చాలా మెత్తగా. "గుర్తు లేదని రాయమంటున్న. ఈ వయసుల గుర్తు లేకపోవుడు పాపం కాదు గద."

"నాకు గుర్తున్నది బాబూ."

అతను నవ్వాడు. సోపు గింజ ఒకటి పంటి మీద అంటుకుని ఉంది. "జర ఆలోచించుకోండ్రి" అని కాగితం అక్కడే వదిలేసి వెళ్లాడు. అతను తాగిన మజ్జిగ గ్లాసును అమ్మ రెండుసార్లు తోమింది.

సీతక్క మా బంధువు కాదు. ఆమె వండిన అన్నం మైత్రీవనంలో కోచింగ్ పిల్లలు అరవై మంది తింటారు. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది మూడు నెలల పాటు మా ఇంటికీ క్యారియర్ వచ్చింది. మూడంతస్తులు తనే ఎక్కి తెచ్చేది. భర్త మొగిలయ్య పోయినప్పుడు అంత్యక్రియల నుంచి వచ్చి, ఆ మర్నాడే పొయ్యి వెలిగించింది. పిల్లలు పరీక్షలకు ఖాళీ కడుపుతో పోతారని. ఇవన్నీ మాకు తెలుసు. తెలియక చేసిన పని కాదు.

ఆ వారమంతా ఫ్రెడ్డీ, నేను కిరాయి ఇళ్లు చూశాం. మోతీనగర్‌లో ఒకాయన మా పేర్లు వినగానే, ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్నాడు. ఎర్రగడ్డలో చూసిన ఇంట్లో వంటింటికి కిటికీ లేదు. ఇంటికి తిరిగొస్తూ బండి మీద ఫ్రెడ్డీ అన్నాడు: "మీ అమ్మ ఒక్క గీత గీస్తే అయిపోతది. ఆమెకు మన మీద కన్నా సీతాబాయి మీద పావురం ఎక్కువున్నదా?"

అతన్ని తప్పుపట్టి నేను తప్పించుకోలేను. అమ్మ చేత సంతకం పెట్టించింది ఫ్రెడ్డీ కాదు. నేను.

మధ్యాహ్నం అమ్మకు తల దువ్వుతూ మొదలుపెట్టాను. అరవలేదు, ఏడవలేదు. సుష్మిత ఇంటర్ సెకండియర్ అన్నాను. ఇప్పుడు ఇల్లు మారితే దాని చదువు చెడుతుందన్నాను. నువ్వు ఒప్పుకోకపోతే ఎనిమిది ఇళ్ల ఉసురు తగులుతుందన్నాను. సీతక్కకు చేతిలో పని ఉంది, ఎక్కడైనా బతుకుతుందన్నాను. జడ చివరికి వచ్చేసరికి చెప్పాల్సినవన్నీ అయిపోయాయి.

"గట్లనే రాస్తే అందరికీ ఇండ్లు ఉంటయా?" అంది అమ్మ.

"ఉంటయి."

"రాయకుంటే?"

"ఎవ్వరికీ ఉండవు. సీతక్కకు సుత ఉండదు గద అమ్మా, ఎట్లాగూ."

అమ్మ జడను వెనక్కి వేసుకుంది. తర్వాత, "కలం తే" అంది. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాను.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, తప్పు చేసిన మనసుతో తీసుకోకూడదనే రొట్టె పంచే రోజు. అమ్మ బెంచీలోంచి లేవలేదు. పళ్లెం తన ముందుకొస్తే పక్కవాళ్లకు అందించేసింది. ఆమె బల్లకు దూరంగా ఉండడం నేను పుట్టాక అదే మొదటిసారి. దయారత్నం గారు మాత్రం అందరికన్నా ముందు నిలబడి, రొట్టె తీసుకుని, కళ్లు మూసుకుని తిన్నారు.

మే మొదటి వారంలో సీతక్కను పంజాగుట్టలోని ట్రస్ట్ ఆఫీసుకు పిలిపించారు. అక్కడ నుంచి ఆమె నేరుగా మా ఇంటికే వచ్చింది. ఎండలో నడిచొచ్చిందేమో, ముఖం కందిపోయి ఉంది.

"సిస్టరమ్మ ఉన్నదా?"

అమ్మ లోపలి గదిలో మంచం మీద కూర్చునే ఉంది. మా మాటలు ఆమెకు వినిపిస్తున్నాయి.

"పండుకున్నది అక్కా."

"సంతకం గుర్తు లేదన్నదంట. గా వంశీధర్ కాయితం చూపెట్టిండు. దొంగ కాయితం పుట్టించినవ్, పోలీస్ కేసు పెడ్తం అంటున్నడు. నా అంతట నేనే ఇల్లు ఖాళీ చేస్తున్న అని రాసిస్తే కేసు లేదంట." కొంగుతో మెడ తుడుచుకుంది. "లేస్తే ఒక్కసారి అడుగు బిడ్డా. మొగిలయ్య పోయి పెట్టిచ్చుకున్నది ఆమెతోనే గద. నాకు తెల్వకుంట ఆయన ఇంకేమన్న చేసిండా అని నాకు అనుమానం పుడ్తున్నది."

చనిపోయిన మనిషి మీద ఆమెకు అనుమానం పుట్టించాం. అది విన్నాక కూడా నేను, "అడుగుతా" అన్నాను. ఆమె గడప దిగగానే తలుపు వేసుకున్నాను.

లోపల అమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది.

నెలాఖరున ఒక ట్రాలీ ఆటో వచ్చింది. పెద్ద పెద్ద గిన్నెలు, గ్యాస్ పొయ్యి, బియ్యం డబ్బాలు, ఒక మంచం. సీతక్క అన్నీ తనే కిందికి దించి, ఆటోలోకి ఎక్కించుకుంది. సాయం పట్టడానికి ఏ ఫ్లాట్ నుంచీ ఒక్కరూ దిగలేదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు అన్ని తలుపులూ మూసి ఉండడం ఆ బిల్డింగ్‌లో ఎప్పుడూ చూడలేదు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. ఆమె పైకి చూస్తుందేమోనని పక్కకు జరిగాను. ఆమె చూడలేదు.

జూన్ పదకొండున రిజిస్ట్రేషన్. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో ఫ్యాను కింద బెంచీల మీద కూర్చున్నాం. వంశీధర్ ఒక్కొక్కరికీ ఒక్కో కట్ట ఇచ్చాడు. "సదివేదేం లేదు. ఇంటూ మార్కు ఉన్న కాడల్లా సంతకం పెట్టుండ్రి" అన్నాడు. మా లీజు అమ్మ పేరూ నా పేరూ కలిపి రాశారు. అమ్మకు కనిపించదు కాబట్టి నేనే చదవడం మొదలుపెట్టాను.

లీజు పత్రం వెనక బోర్డు తీర్మానం నకలు జతచేసి ఉంది. పొడిగించే అధికారం ఉందని చూపించడానికి అది ఉండాలంట. ఒకటే పేజీ. ఎనిమిది ఫ్లాట్లకూ, ఇప్పుడు అందులో ఉంటున్న వాళ్ల పేర్ల మీదే, ముప్పై ఏళ్ల పాటు లీజు పొడిగించాలని బోర్డు ఏకగ్రీవంగా నిర్ణయించింది. కింద పేర్ల పట్టిక. రెండో వరసలో, "ఫ్లాట్ నంబర్ 2, శ్రీమతి సీతాబాయి." తేదీ ఫిబ్రవరి పన్నెండు.

ఏప్రిల్‌లో మేం గారెలు తిన్న రోజుకు రెండు నెలల ముందే ఆమె ఇల్లు ఆమెకు ఇచ్చేశారు. మా అందరి ఇళ్లూ ఇచ్చేశారు. బోర్డు ఎవరినీ ఏమీ అడగలేదు.

పేజీ తిప్పాను. వెనక, పట్టికలో ఒక పేరు మారినందుకు జతచేసిన ఇంకో చిన్న కాగితం. సీతాబాయి తన ఇష్టంతో ఖాళీ చేసినందున, రెండో నంబర్‌ను ప్రవీణ్‌కు కేటాయిస్తున్నట్టు వంశీధర్ సంతకంతో ఉంది. ప్రవీణ్ దయారత్నం గారి కొడుకు.

తలెత్తాను. ఎదురు బెంచీలో దయారత్నం గారు నన్నే చూస్తున్నారు. "చదువుతున్నావా అమ్మా? అన్నీ మామూలు కాయితాలే" అని నవ్వారు. ఆయన పక్కన నవీన చేతిలోనూ అదే పేజీ తెరిచి ఉంది. మా కళ్లు కలిశాయి. ఆమె అప్పటికే చదివేసింది. తల దించుకుని పేజీ తిప్పి, ఇంటూ మార్కు వెతుక్కుంది.

అమ్మ నా మోచేయి తట్టింది.

"మొత్తం సదివినవా బిడ్డా?"

"సదివిన."

"అంత మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నదమ్మా. ఇక్కడ పెట్టు."

ఆ క్షణంలో ఏమీ తోచలేదని చెబితే అబద్ధం. అన్నీ తోచాయి. నోరు విప్పితే ఈ రోజు పని ఆగుతుంది, మూడు రోజుల్లో లీజు అయిపోతుంది, కిటికీ లేని ఆ ఎర్రగడ్డ వంటిల్లు గుర్తొచ్చింది. అన్నీ లెక్కవేసుకునే అమ్మ వేలు పట్టుకుని వేలిముద్ర మిషన్ మీద నొక్కాను. తర్వాత నాది నొక్కాను.

ఆ సాయంత్రం ఫ్రెడ్డీ డబుల్ కా మీఠా తెచ్చాడు. నేను ఒక చెంచా నోట్లో పెట్టుకుని బాత్రూంలోకి పోయి ఉమ్మేశాను.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. పదో రోజు ప్రవీణ్ మనుషులు రెండో నంబర్‌లో వంటగట్టు పగలగొట్టడం మొదలుపెట్టారు. సుత్తి దెబ్బలకు మా హాల్లో గ్లాసులు అదిరాయి. అమ్మ గోడకు తల ఆనించి, నన్ను కాదు, ఎవరినో అడిగినట్టు అంది: "మనం గట్ల చెయ్యకుంటే అందరం రోడ్డు మీద పడ్తుంటిమి. గంతేనా?"

గంతే అని ఒక్క మాట అంటే సరిపోయేది. లోపలికెళ్లి ఆ పేజీ తెచ్చి, తేదీతో సహా చదివి వినిపించాను.

అమ్మ మధ్యలో ఆపలేదు. అయిపోయాక అంది:

"నాకు కండ్లు కనవడకనే గద నిన్ను అడిగిన."

అంతే. ఆ తర్వాత ఈ విషయంలో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, ఓ తెల్లకాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో, వంకరగా, తనే రాసింది. ఆ సంతకం నాదే. గుర్తు లేదని రాసింది అబద్ధం. బంజారా హిల్స్‌లో ట్రస్ట్ చైర్మన్ రుద్రమ్మ గారి ఇంటికి ఆటోలో తీసుకెళ్లాను. ఆ ముసలామె కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"విచారణ వేస్తానండీ. కానీ మీరే అబద్ధం రాశామంటున్నారు. మీ లీజు కూడా విచారణలోకి వస్తుంది, తెలుసు కదా?"

"రానియ్యుండ్రి" అంది అమ్మ.

రెండో నంబర్‌లో పని ఆగింది. తలుపుకు సీలు వేశారు. దయారత్నం గారు మెట్ల మీద ఎదురుపడి, "ఏంటమ్మా, ఒక్క కుటుంబంలా ఉన్నాం. మీ అమ్మగారి కోసం ప్రార్థన చేస్తున్నాను" అన్నారు. ఫ్రెడ్డీ సంగతి తెలిసి ప్లేటు విసిరికొట్టాడు. ఇంట్లోవాళ్లకన్నా బయటివాళ్లు ఎక్కువైపోయారా అని అరిచి, మల్కాజిగిరిలో వాళ్ల చెల్లెలింటికి వెళ్లిపోయాడు. వారం తర్వాత తిరిగొచ్చాడు గానీ, అప్పటినుంచి అమ్మ ఉన్న గదిలో భోంచేయడు.

విచారణ ముందుకు సాగాలంటే సీతక్క స్వయంగా అర్జీ పెట్టుకోవాలన్నారు. ఆమె మా ఫోన్లు ఎత్తలేదు. జూలై మొదటి ఆదివారం, చర్చి అయ్యాక, కాగితాలు పట్టుకుని అమ్మా నేనూ బోరబండ వెళ్లాం. వాన పడి సందంతా బురద. మేడ మీద ఒకే గది. మెట్లెక్కడానికి అమ్మకు పావుగంట పట్టింది.

సీతక్క గడపలో నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. అమ్మ రొప్పుతూనే చెప్పింది: "సంతకం నాదే సీతా. మొగిలయ్య ఏ తప్పు చెయ్యలేదు. నేనే చేసిన. రాసిచ్చి వచ్చిన, యాడ చెప్పమంటే ఆడ చెప్త."

సీతక్క చేతులు కొంగుకు తుడుచుకుంది. నేను తీర్మానం నకలు అందించాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివి, తన పేరు మీద వేలు ఆపింది.

"గిండ్ల నా పేరున్నది."

"ఉన్నది అక్కా."

"ఫిబ్రవరిల."

"అవ్."

కాగితాన్ని మడిచింది. అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. బియ్యంలో రాయి వెతికేటప్పుడు చూసే చూపు.

"గీ కాయితం నువ్వు ఎప్పుడు చూసినవ్ బిడ్డా? సంతకం పెట్టకముందా, పెట్టినంకనా?"

పెట్టాకే అని చెప్పొచ్చు. కాదనేవాళ్లు లేరు. అమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది.

"పెట్టకముందే."

సీతక్క తలూపింది. "సిస్టరమ్మా, నువ్వు లోపలికి రా. మోకాళ్లు గుంజుతయి, మంచం మీద కూసో" అంది. అమ్మ లోపలికి పోవడానికి పక్కకు జరిగి, మళ్లీ గడప మధ్యలోకి వచ్చి నిలబడింది. నేను మెట్ల మీద కూర్చున్నాను. రెండు గంటలు. లోపల ఇద్దరూ ఏడ్చారు, తర్వాత ఏదో మాట్లాడుకున్నారు, పప్పు పోపు వాసన వచ్చింది.

సెప్టెంబర్‌లో రెండో నంబర్ తాళం సీతక్క చేతికి తిరిగొచ్చింది. వంశీధర్‌ను తీసేశారు. దయారత్నం గారు ఇప్పుడు ప్రెసిడెంట్ కాదు గానీ, మీటింగ్ మొదట్లో ప్రార్థన ఇంకా ఆయనే చేస్తారు, ఎవరూ వద్దనరు. తనంతట తానే నిజం చెప్పిందని అమ్మ లీజు ఉంచేశారు. అంటే నా లీజు కూడా ఉండిపోయింది. నవీన ఓ రోజు నా చేయి పట్టుకుని, "నీ వల్లనే న్యాయం జరిగింది" అంది. ఆమె చేయి చెమటతో జిగటగా ఉంది. వదిలించుకుని పైకొచ్చి కడుక్కున్నాను. కడిగినా లాభం లేదు. ఆ జిగట ఆమెది ఒక్కదానిదే కాదు.

పొద్దున మెట్లు దిగేటప్పుడు రెండో నంబర్ తలుపు తీసే ఉంటుంది. సీతక్క కొత్తగా కట్టించుకున్న వంటగట్టు దగ్గర నిలబడి క్యారియర్లు సర్దుతూ ఉంటుంది.

"సిస్టరమ్మ తిన్నదా?" అని అడుగుతుంది.

"తిన్నది అక్కా."

నన్ను అడగదు.